వివాహానంతరం భవిష్యనిధి ఖాతా – యువ ఉద్యోగినులు తెలుసుకోవలసిన విషయాలు

చదువు ముగించి దుకాణాలలో, ఆసుపత్రులలో, సాఫ్ట్‌వేర్ సంస్థలలో చేరుతున్న యువతులకు తొలి జీతం నుంచే జమ అయ్యే పొదుపు ఉద్యోగుల భవిష్యనిధి. వివాహమై వేరే ఊరికి తరలినప్పుడు మొట్టమొదట ఖాళీ అయ్యేది కూడా ఈ ఖాతాయే. వివాహం నిమిత్తం రాజీనామా చేసిన మహిళలు రెండు నెలల నిరీక్షణ లేకుండానే సొమ్మంతా తీసుకొనే వెసులుబాటు భవిష్యనిధి పథకంలో చాలాకాలం ఉండేది. వెసులుబాటుగా కల్పించినదే అలవాటుగా మారింది.

నెలకు 15,000 రూపాయల వేతనం పొందే ఉద్యోగిని తన వాటాగా 12 శాతం, అనగా 1,800 రూపాయలు చెల్లిస్తుంది. యజమాని చెల్లించే 1,800 రూపాయలలో 1,250 పింఛను నిధికి, 550 భవిష్యనిధికి చేరుతాయి. ఈ లెక్కన నాలుగేళ్లలో ఆమె ఖాతాలో వడ్డీ గాక 1,12,800 రూపాయలు పోగవుతాయి. ఉద్యోగం మానినా 58 ఏళ్ల వయసు వరకు దీనిపై వడ్డీ జమ అవుతుంది. ఉదాహరణకు 8 శాతం వడ్డీ అనుకుంటే తొమ్మిదేళ్లకు ఒకసారి సొమ్ము రెట్టింపవుతుంది. 27 ఏళ్ల వయసులో కదపకుండా ఉంచిన మొత్తం 54వ ఏట సుమారు 9 లక్షలు. ధరలు కూడా పెరుగుతాయన్నది నిజమే గాని, పెళ్లి ఖర్చులలో కలిసిపోయిన సొమ్ముకు ఆ పోలిక కూడా ఉండదు.

పింఛను విషయంలో నష్టం మరింత తీవ్రమైనది. పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. పెళ్లికి ముందు ఆరేళ్లు, పిల్లలు బడిలో చేరిన తరువాత ఐదేళ్లు పనిచేసిన మహిళ మొదటి సర్వీసును కొనసాగించుకొంటే, 15,000 రూపాయల వేతనంపై 58 ఏళ్లు నిండాక నెలకు దాదాపు 2,357 రూపాయలు జీవితాంతం పొందుతుంది. మొదటి విడత పింఛను సొమ్ము తీసుకొన్న పక్షంలో ఆ ఆరేళ్లు లెక్కకు రావు. మిగిలిన ఐదేళ్లకు పింఛను రాదు. అంతేగాక, ఐదేళ్ల నిరంతర సర్వీసుకు ముందు భవిష్యనిధిని ఉపసంహరిస్తే ఆదాయపు పన్ను వర్తిస్తుంది. ఖాతాను కొత్త యజమాని వద్దకు బదిలీ చేయించుకొంటే పాత సర్వీసు కలుస్తుంది.

2025 అక్టోబరులో భవిష్యనిధి కేంద్ర ధర్మకర్తల మండలి చందాలలో 25 శాతాన్ని కనీస నిల్వగా ఉంచాలని, గడువుకు ముందు తుది చెల్లింపునకు నిరీక్షణను రెండు నెలల నుంచి 12 నెలలకు, పింఛను సొమ్ము ఉపసంహరణకు 36 నెలలకు పెంచాలని నిర్ణయించింది. దీనిపై విమర్శలు వచ్చినా, ఉద్యోగ విరామం ఎక్కువగా ఎదురయ్యే మహిళల దృష్ట్యా ఈ మార్పులో మేలు లేకపోలేదు.

తెలుగు కుటుంబాలలో మరొక చిక్కు ఇంటిపేరు. వివాహానంతరం ఆధార్‌లో ఇంటిపేరు మార్పించి, భవిష్యనిధి ఖాతాలో పాతపేరే ఉంచితే క్లెయిములు తిరస్కరణకు గురవుతాయి. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్ ఆధారంగా జారీ అయిన సార్వత్రిక ఖాతా సంఖ్య గలవారు పేరు, వైవాహిక స్థితి వంటి వివరాలను యజమాని ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో సవరించుకొనే సదుపాయం 2025 జనవరిలో కల్పించబడింది. వివాహానికి ముందు చేసిన నామినేషన్ వివాహంతో చెల్లకుండా పోతుంది కనుక దానిని కూడా కొత్తగా నమోదు చేయాలి.

ఖాతా సమస్యల పరిష్కారానికి 2023 జనవరి నుంచి ప్రతినెల 27వ తేదీన జిల్లాలలో 'నిధి ఆప్‌కే నికట్' శిబిరాలు ఏర్పాటవుతున్నాయి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కులతో పాటు పాత సంస్థలో చేరిన తేదీ, వైదొలగిన తేదీల ఆధారాలు వెంట తీసుకువెళ్లడం మంచిది. వైదొలగిన తేదీ నమోదు కాకపోవడం వల్లనే బదిలీలు నిలిచిపోయే సందర్భాలున్నాయి.