విద్యార్థుల మనోవ్యాధులు - చెప్పవలసిన మాట

జ్వరం వచ్చిందని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మనసు బాగులేదని చెప్పుకోవలసి వస్తే మాత్రం గొంతు పెగలదు. ఇందుకు మన వాడుక మాటలు కూడా కొంత కారణం. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనే పరిహాసం మనలో ఎందరికో పరిచితమే. హైదరాబాదులోని ఒక చికిత్సాలయం ఉన్న చోటు పేరు ఆ విధంగా వెక్కిరింతగా మారిపోయింది. ఆ మాట విని నవ్విన నేపర్‌విల్ పిల్ల, రేపు తనకే దిగులు పట్టుకుంటే తల్లితో చెప్పుకోగలదా?

మానసిక వ్యాధులకు లోనయ్యే వారిలో దాదాపు సగం మందికి అవి పద్నాలుగేళ్ల వయసులోపే ఆరంభమవుతాయని రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రకటించిన అమెరికా పరిశీలన తెలిపింది. అంటే మిడిల్ స్కూలు నాటికే అన్నమాట.

మరి పిల్లలకు ఏమని బోధించాలి? "ఇదీ మధుమేహం వంటి జబ్బే, మెదడులోని రసాయనాల లోపం" అని చెబితే చాలునని చాలాకాలం భావించారు. కాని 1996, 2006 సంవత్సరాలలో అమెరికన్ల అభిప్రాయాలను పోల్చి చూసిన బెర్నీస్ పెస్కొసొలిడో బృందానికి విచిత్రమైన ఫలితం కనిపించింది. ఇది మెదడుకు సంబంధించిన వ్యాధేనని నమ్మేవారు పెరిగారు. రోగిని దూరంగా ఉంచాలనే భావం మాత్రం తగ్గలేదు. రోగిపై నింద తగ్గినా, "మెదడే చెడితే ఇక బాగుపడతాడా?" అనే నిరాశ ఆ స్థానంలో చేరుతుంది. సంబంధాలు చూసేటప్పుడు వంశం ఆరా తీసే మనవారికి ఈ చిక్కు వేరే వివరించనక్కరలేదు. కాబట్టి సందేశంలో వ్యాధికి కారణం కన్నా కోలుకునే అవకాశానికే ఎక్కువ చోటివ్వాలి.

మన పొరుగున షికాగోలో ఉన్న ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు పాట్రిక్ కారిగన్, ఆయన సహచరులు 2012లో 14 దేశాల అధ్యయనాలను క్రోడీకరించారు. పెద్దల మనసు మారడానికి, కోలుకున్న వ్యక్తిని ముఖాముఖి కలుసుకోవడం పాఠం కన్నా బాగా పనిచేసింది. కౌమారంలో ఉన్నవారికి పాఠమే మెరుగనిపించింది. కనుక పిల్లలకు బడిలో పాఠం, తల్లిదండ్రులకు మన సభలలో ఒక అనుభవజ్ఞుని మాట అవసరం. మన వేదికలపై వైద్యులు తరచు ప్రసంగిస్తారు గాని, కోలుకున్నవారికి ఎవరూ మైకు ఇవ్వరు!

తల పట్టుకుని చీకటిలో కూర్చున్న కుర్రవాడి బొమ్మ వేసిన గోడపత్రికలు నాకు నచ్చవు. తరువాత ఏం చేయాలో అవి చెప్పవు. "రెండు వారాలుగా నిద్ర లేదా? ఆటల మీద ఆసక్తి పోయిందా? కౌన్సెలర్‌ను కలువు. చికిత్సతో చాలామంది కోలుకుంటారు" అన్న నాలుగు ముక్కలు మేలు. ఆపత్సమయంలో 988కి ఫోను చేయవచ్చు. ఈ సంఖ్య 2022 జులై నుండి దేశమంతటా పనిచేస్తున్నది. భారతదేశంలోని బంధువులకు 14416 ఉంది; అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇల్లినాయ్ శాసనం ప్రకారం 2022 జనవరి నుండి విద్యార్థులు మానసిక ఆరోగ్యం కోసం, వైద్యుని చీటీ లేకుండానే, ఏడాదికి ఐదు రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. పోయిన పాఠాలు తిరిగి పూర్తి చేసుకునే వీలు కూడా ఉంటుంది. అయితే ఆ రోజు ఉదయం బడికి ఫోను చేయవలసింది సాధారణంగా మనమే. "కడుపునొప్పి" అని చెప్పి తప్పించుకుంటే పక్కనే నిలబడి ఉన్న బిడ్డ వింటుంది.