పానా పట్టిన చేతికి పట్టా



రాయలసీమలో ఏ ఊరి బస్టాండు దగ్గరైనా ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. మోటారు సైకిళ్ల షెడ్డు, పంక్చరు షాపు, వెల్డింగు దుకాణం, ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసే కొట్టు కనబడతాయి. వీటిలో పానా పట్టుకొని కూర్చున్నవాళ్లు చాలామంది మన పిల్లలే. ఎనిమిదో తొమ్మిదో తరగతిలో బడి మాని ఉస్తాద్ దగ్గర చేరినవాళ్లు. (14 ఏళ్లు నిండని పిల్లవాణ్ణి పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరమని కూడా ఇక్కడే గుర్తుచేస్తున్నాం.) వాళ్లకు పని రాదని ఎవరూ అనలేరు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలరు. అయినా పదేళ్ల తర్వాత చూస్తే అదే షెడ్డు, ఇంచుమించు అదే కూలి.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక, ముస్లిం శ్రామికులలో సగానికి మించి సొంతంగా చేసుకొనే చిన్న పనుల మీదే బతుకుతున్నారని చూపింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతమే. అంటే మన దగ్గర పని ఉంది. పని పక్కన ఉండవలసిన చదువు లేదు.

చదువు లేకపోతే పనికి వచ్చిన నష్టమేమిటని కొందరు పెద్దలు అడుగుతుంటారు. మా తాతలు చదివే నేర్చుకున్నారా అంటారు. వారికి మేము చెప్పే జవాబు కార్బొరేటర్ కథ. 2020 ఏప్రిల్ 1 నుంచి బిఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్టరు, సెన్సర్లు, చిన్న కంప్యూటరు వచ్చి కూర్చున్నాయి. జబ్బు ఎక్కడుందో స్కానర్ చెబుతుంది, అది కూడా ఇంగ్లీషులో, అంకెల్లో. ఏసీల సంగతీ అంతే. ఆర్-22 గ్యాస్ నింపడం తెలిసిన కుర్రవాడి ముందుకు ఇప్పుడు ఆర్-32 ఏసీ వస్తోంది. ఆ గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది. పాత అలవాటుతో చేస్తే ప్రమాదం. ఉస్తాద్ నేర్పినది నిజమైన విద్యే, కానీ ఉస్తాద్‌కు తెలిసినంతవరకే అది వస్తుంది. బండి మారినప్పుడు పుస్తకం చదివి నేర్చుకోవడానికి పదో తరగతి లెక్కలు, సైన్సు అవసరమవుతాయి.

ఇక ప్రాంతం మాట. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. అలాంటి ఫ్యాక్టరీ వచ్చినప్పుడు యంత్రం దగ్గర నిలబడే ఉద్యోగానికి ఐటిఐ గానీ డిప్లొమా గానీ అడుగుతారు. అవి లేనివారికి మిగిలేది కాపలా, క్యాంటీను, లోడింగు. ఫ్యాక్టరీ మన నేల మీద ఉన్నంత మాత్రాన జీతం మన వీధికి రాదు. చుట్టుపక్కల ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు దొరక్కపోతే కంపెనీ బయటి నుంచి తెచ్చుకుంటుంది. వాళ్ల జీతంలో సగం వాళ్ల ఊరికి వెళ్లిపోతుంది. ఇక్కడి కుర్రవాడికే ఆ ఉద్యోగం వస్తే ఆ డబ్బు ఇక్కడి కిరాణా కొట్టులో, ఇక్కడి మేస్త్రీ చేతిలో, చెల్లెలి కాలేజీ ఫీజులో తిరుగుతుంది. మరో పదేళ్లకు వాడే చిన్న వర్క్‌షాపు పెట్టి నలుగురికి పని ఇస్తాడు. చేయి తిరిగినవాళ్లు ఉన్నచోటికే రెండో ఫ్యాక్టరీ వస్తుంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు మనిషి వెళ్లని వీధి తక్కువ. మన దేశంలో పదో తరగతి తప్పినవాడికి పాస్‌పోర్టు మీద ఇసిఆర్ అని పడుతుంది. అంటే గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ ముద్ర ఉండదు. ఒక్క పరీక్ష తేడా. అటువైపు దిగాక ఖాదిం వీసా మీద ఇంటి డ్రైవరుగా ఉన్నవాడికీ, షూన్ వీసా మీద కంపెనీలో టెక్నీషియనుగా ఉన్నవాడికీ వర్తించే చట్టాలే వేరు. ఇప్పుడు సౌదీ అరేబియా ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, ఏసీ టెక్నీషియను వంటి పనులకు వచ్చేవారికి ముందుగా ఇండియాలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది. రేపు వెళ్లేవాడు పని చేసి చూపించాలి, కాగితమూ చూపించాలి.

మరి ఐటిఐలు ఉన్నాయి కదా, మన పిల్లలు ఎందుకు చేరరు? ప్రభుత్వ ఐటిఐలో ఫీజు పెద్ద భారమేమీ కాదు. వెల్డరు, ప్లంబరు, వైర్‌మన్ వంటి కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు. ఎలక్ట్రీషియనుకు పది పాసై రెండేళ్లు చదవాలి. అడ్డు పడేది కూలి. షెడ్డులో కుర్రవాడికి రోజుకు 300 రూపాయలు అనుకుందాం. నెలకు 25 రోజులు పనిచేస్తే 7,500. రెండేళ్లకు 1,80,000. తండ్రి లేని ఇంట్లో, అక్క పెళ్లి అప్పు ఉన్న ఇంట్లో ఈ డబ్బు వదులుకొని వాడు క్లాసులో ఎలా కూర్చుంటాడు? మనం ఫీజు కడతామంటే తల్లి సంతోషిస్తుంది, మర్నాడు వాణ్ణి షెడ్డుకే పంపుతుంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

దైవప్రవక్త (స) దగ్గరికి ఒక అన్సారీ యాచిస్తూ వచ్చిన వృత్తాంతం మనందరం విన్నదే. ఆయన ఇంట్లో ఉన్న గుడ్డ, గిన్నె తెప్పించి రెండు దిర్హములకు అమ్మారు. ఒకదానితో గొడ్డలి కొనిపించి, స్వయంగా పిడి బిగించి కట్టెలు కొట్టుకు రమ్మని పంపారు. ఈ గొడ్డలి గురించి మేము ఎన్నో సభల్లో చెప్పాం. రెండో దిర్హముతో ఇంటివాళ్లకు తిండి కొనమన్నారన్న భాగాన్ని చెబుతూనే దాటిపోయాం.

ఆ మరుపుకు మూల్యం కూడా చెల్లించాం. కొన్నేళ్ల క్రితం వితంతు సోదరీమణులకు కుట్టు మిషన్లు పంచాం, ఫొటోలు కూడా సావనీర్‌లో వేశాం. ఏడాది తర్వాత ఇళ్లకు వెళ్లి చూస్తే కొన్ని మిషన్ల మీద దుప్పటి కప్పి ఉంది, కొన్ని అమ్ముడుపోయాయి. వాళ్లకు నేరుగా కుట్టడమే వచ్చు, జాకెట్టు కటింగు రాదు. ఫాల్స్ కుట్టి ఎంతమంది బతకగలరు? గార్మెంటు యూనిట్‌లో చేరదామంటే అక్కడ కరెంటు మీద పరుగెత్తే జూకీ మిషను, చేయి దానికి అలవాటు లేదు. మిషను ఇచ్చిన రోజే మూడు నెలల శిక్షణ, ఆ మూడు నెలల ఇంటి ఖర్చు ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. తప్పు మాది.

అందుకే ఈ ఏడాది ఖర్చు తీరు మార్చాం. ఎన్నుకున్న పిల్లల ఇంటికి నెలనెలా భత్యం ఇస్తాం, హాజరు చూసి. దాన్ని జకాత్ ఖాతా నుంచి నేరుగా హక్కుదారు చేతికే ఇస్తాం. ట్యూషను మాస్టర్ల జీతాలు, పనిముట్లు సదఖా, చందాల నుంచి భరిస్తాం. ఇలాంటి ఖర్చులకు జకాత్ వాడడంపై ఉలమాలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి కాబట్టి రెండు ఖాతాలూ కలపడం లేదు. బడి మానేసినవారిని ఓపెన్ స్కూలులో పదో తరగతికి కట్టిస్తాం, ఇషా తర్వాత లెక్కలు, ఇంగ్లీషు చెప్పిస్తాం. ఇప్పటికే పని వచ్చిన పెద్దవాళ్లకు ప్రభుత్వ కౌశల్ వికాస్ పథకం కింద పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ ఉంది. దాని విలువ దానికి ఉంది, ఐటిఐ పట్టాతో సమానం మాత్రం కాదు. ఐటిఐ ముగించినవాడికి అప్రెంటిస్‌షిప్ ఉంది, 1961 చట్టం ప్రకారం ఆ కాలంలో స్టైపెండ్ వస్తుంది. అక్కడికి చేరాక మన భత్యం అక్కరలేదు.

దీనివల్ల ఈసారి మనం సాయపడే పిల్లల సంఖ్య తగ్గుతుంది. వంద మందికి పుస్తకాలు పంచిన ఫొటో ఈసారి ఉండదు. కమిటీలో ఈ విషయమై వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది.

షెడ్డుల ఉస్తాద్‌లతో కూడా కూర్చొని మాట్లాడాం. సాయంత్రం త్వరగా వదలడానికి కొందరు ఒప్పుకున్నారు. కుర్రవాడు స్కానర్ నేర్చుకొని వస్తే తామూ నేర్చుకుంటామన్నారు ఒక పెద్దాయన. మరొకాయన మాత్రం, రెండేళ్లు వాడు ఐటిఐకి వెళితే తన షెడ్డులో పానా అందించేదెవరని అడిగారు. ఆయనకు ఇంకా జవాబు చెప్పలేదు. రంజాన్ తర్వాత మళ్లీ వస్తామన్నాం.