సైకిలు యాత్రకు సద్దిమూట

బాటసారి సద్దిమూట లేక ఇల్లు కదలుట మన పూర్వుల ఆచారము కాదు. పోతన భాగవతమున గోపబాలురు సైతము పసులను తోలుకొని అడవికి పోవునపుడు చల్దులు కట్టుకొనియే పోయిరి. ఎద్దులబండికి గడ్డి, నడకవానికి సద్ది మరువరాదని పెద్దలు హెచ్చరించెడివారు. సైకిలు వచ్చిన పిదప ఈ ఆచారము సడలినది. రెండు చక్రముల మీద పోవువాడు ఇట్టే పోయి అట్టే వచ్చును గదా, వానికి సద్ది యెందుకను తలంపు పుట్టినది. చక్రము శ్రమను కొంత తగ్గించిన మాట నిజమే. కాని మిగిలిన శ్రమకు కావలసిన ఇంధనము తొక్కువాని కడుపునుండియే రావలయును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఈ మూడును పూర్వపు చిత్తూరు జిల్లాకు పడమటి అంచున ఎగువ నేలపై వెలసిన ఊళ్లు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. తూర్పు మైదానములతో పోల్చినచో ఇచ్చటి గాలి చల్లన. ఈ చల్లదనమే సైకిలు తొక్కువానిని మోసగించును. చెమట వెంటనే ఆరిపోవును గనుక తాను పడుచున్న శ్రమ ఎంతటిదో వానికి తెలియదు. బాట చదునుగా తోచును గాని చదును కాదు. ఒక మిట్ట దిగినంతనే మరియొక మిట్ట ఎదురగును.

మదనపల్లెలో తెల్లవారుజామున కాఫీ మాత్రము త్రాగి కుప్పమునకు బయలుదేరిన యువకు నొకనిని ఊహింతము. పుంగనూరు సుమారు 30 కిలోమీటర్లు, ఉత్సాహముతో చేరును. ఆకలి లేదు గనుక అచ్చట ఆగడు. పలమనేరు మీదుగా కుప్పము చేరుటకు మొత్తము నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము. పుంగనూరు దాటి కొంత దూరము పోవుసరికి కాళ్లు బరువెక్కును. ఇది మామూలు అలసట కాదు. అలసట మెల్లమెల్లగా వచ్చును. ఇది దీపము కొండెక్కినట్లు ఒక్కసారిగా వచ్చును. చేతులు వణకును. చల్లని చెమట పట్టును. ఎదురుగా వచ్చు లారీ ఎంత దూరమున నున్నదో అంచనా చిక్కదు. తోడివాడు పలుకరించిన కసరుకొనును. తుదకు చెట్టునీడను కూలబడును. ఆంగ్లేయులైన సైకిలు వీరులు దీనిని ‘బాంక్’ అందురు. మనము కొత్త పేరు వెదకుకొన నక్కరలేదు. ‘శోష’ యను మాట మన ఇండ్లలో ఉండనే యున్నది. శోష వచ్చినదనగానే బెల్లపునీళ్లు త్రాగించిన అవ్వలకు ఈ వైద్యము ఎన్నడో తెలియును.

శోష యెందులకు వచ్చును? మనము తినిన అన్నము, సంగటి, రొట్టె మొదలగు పిండిపదార్థములు గ్లూకోజుగా మారి రక్తమున చేరును. అప్పటికి అవసరము లేని భాగము గ్లైకోజెన్ అను రూపమున నిలువయగును. ఈ పదార్థమును 1857లో వేరుపరచి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు. నిలువ గాదెలు రెండు: కాలేయమున సుమారు 100 గ్రాములు, కండరము లన్నిటను కలిపి సుమారు 400 గ్రాములు. ఒక్కొక్క గ్రాము 4 కిలోకేలరీలు. అనగా పెద్దవానికి ఉన్న మొత్తము పెట్టుబడి రమారమి 2,000 కిలోకేలరీలు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కండరము మహా పిసినారి. తన గాదెలోని సరుకును తానే వాడుకొనును గాని రక్తమునకు ఈయదు, పొరుగు కండరమునకు అప్పైనను పెట్టదు. రక్తమున గ్లూకోజు తగ్గకుండ కాచునది ప్రధానముగా కాలేయము. మెదడు దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును ఈ మార్గముననే పొందును. మనము నిద్రించిన రాత్రి యంతయు కాలేయము మెదడునకు వడ్డించుచునే యుండును. తెల్లవారుసరికి దాని గాదె సగమునకు మించి ఖాళీ. అట్టి వేళ ఏమియు తినక సైకిలెక్కినచో మెదడును కాళ్లును ఒకే కుండకు చేతులు సాచును. శోషలో కాళ్లకంటె ముందు మనస్సు తడబడుటకు కారణ మిదియే. దేహమున కొవ్వు ఎంతయో యున్నది గదా యని అడుగవచ్చును. ఉన్నది, పనికియు వచ్చును. కాని కొవ్వు పచ్చికట్టె వంటిది. మెల్లగా మండును. ఎక్కుడు బాటలో కావలసిన మంటను అది ఒంటరిగా ఈయజాలదు.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలిసినది సైకిలు మీద కాదు, పరుగుపందెమున. 1924లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ ముగిసిన చోట వైద్యులు పరుగువీరుల రక్తమును పరీక్షించిరి. పాలిపోయి, వణకుచు, మతి తప్పినట్లున్న వారి రక్తమున చక్కెర మిక్కిలి తక్కువగా కనుగొనిరి. మరుసటి సంవత్సరము దారిలో మిఠాయి తినుమని చెప్పగా వారి స్థితి మెరుగుపడెను. 1966లో స్వీడను దేశపు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అను ఇరువురు తమ దేహములనే ప్రయోగశాల చేసికొనిరి. ఒకే సైకిలు యంత్రమునకు చెరి యొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్క కాలితో మాత్రమే సొమ్మసిల్లువరకు తొక్కిరి. పిమ్మట తొడ కండరమునుండి సూదితో తునుక తీసి చూడగా, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ అడుగంటినది, తొక్కని కాలిలో చెక్కుచెదరలేదు. మూడు దినములు పిండిపదార్థములు మెండుగా తినగా తొక్కిన కాలి నిలువ రెండవ కాలికి సుమారు రెట్టింపయ్యెను. శ్రమించిన కాలే మిక్కుటముగా కూడబెట్టుకొన్నదన్నమాట. విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె సొగసైన ప్రయోగకథ దొరకుట కష్టము.

మహావీరులును ఈ శోషకు అతీతులు కారు. 2013 టూర్ ద ఫ్రాన్స్ పందెములో ఆల్ప్ దుయెజ్ కొండపై క్రిస్ ఫ్రూమ్‌కు దేహమున చక్కెర తరిగిపోయినది. గమ్యము చేరువలో ఆహారము అందుకొనరాదను నియమమును మీరి తోడివాని చేత తీపిమందు తెప్పించుకొని తినెను. ఇరువది సెకండ్ల జరిమానా పడినది. పందెము మాత్రము గెలిచెను.

మన మదనపల్లె చేరువను ఒక కొండ యుండగా ఆల్ప్స్ వరకు పోనేల? హార్స్‌లీ కొండలు 1,265 మీటర్ల ఎత్తు. మదనపల్లెనుండి సుమారు 565 మీటర్లు పైకెక్కవలయును. మనిషి 60 కిలోలు, సైకిలు 15 కిలోలు అనుకొందము. ద్రవ్యరాశిని గురుత్వత్వరణము 9.8తోను ఎత్తుతోను హెచ్చించినచో సుమారు 4,15,000 జౌళ్లు, అనగా 99 కిలోకేలరీలు. ఇంతేనా యని తోచును. కాని మానవదేహము సమర్థమైన యంత్రము కాదు. తినిన దానిలో నాలుగవ వంతో ఐదవ వంతో మాత్రమే పనిగా మారును, తక్కినది వేడిగా పోవును. కనుక నిజమైన ఖర్చు 400 మొదలు 500 కిలోకేలరీలు. నిండిన కాలేయపు గాదె విలువయు రమారమి ఇంతే. ఈ లెక్క కొండను చేరువరకు తొక్కిన బాటను చేర్చుకొనలేదు.

మరల కుప్పము బాటకు వత్తము. సాధారణ వేగమున తొక్కు 60 కిలోల మనిషికి గంటకు సుమారు 400 కిలోకేలరీలు ఖర్చు. ఏడు గంటల ప్రయాణమునకు 2,800. కొవ్వు కొంత భరించును. మిగిలినది దారిలో తినవలసినదే. గంటకు మించిన ప్రయాణమున ప్రతి గంటకు 30 మొదలు 60 గ్రాముల పిండిపదార్థము చాలునని క్రీడావైద్యుల మతము. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు, 30 గ్రాముల బెల్లపుగడ్డలో దాదాపు అంతకు కొంచెము హెచ్చు. అంగడిలో అమ్ము విదేశపు తీపిమందు పొట్లములకును మన బెల్లమునకును పనిలో గొప్ప భేదము లేదు, ధరలోనే యున్నది. ముఖ్యమైనది వేళ. గట్టిగా శ్రమించునపుడు ఆకలి అణగిపోవును. కావున ఆకలి వేసినపుడు తిందమని ఆగినవాడు ఆలస్యమైన పిదపనే తినును. అరగంటకో ముప్పాతికగంటకో కొంచెము కొంచెముగా నోటవేసికొనుచుండవలయును.

ఈ సీమ తిండి సైకిలు వానికి ఎంత అనుకూలమో చెప్పనలవి కాదు. రాగిపిండి నూరు గ్రాములలో 70 గ్రాములకు పైగా పిండిపదార్థమే. బియ్యపు నూకతో కలిపి వండిన సంగటి మెల్లగా జీర్ణమగును గనుక బయలుదేరుటకు రెండు మూడు గంటల ముందు తినుటకు శ్రేష్ఠము. వెంటనే సైకిలెక్కవలసిన వానికి బొరుగులతో చేసిన ఉగ్గాని తేలిక. వేరుసెనగ బలమైనదే గాని దాని బలములో అధికభాగము నూనె. శోష వచ్చినవానికి ఉత్త సెనగకాయలు పెట్టుట తగదు, బెల్లముతో కలిపిన చిక్కీ కొంత మేలు. పుంగనూరు ఆవు సంగతియు అట్టిదే. ఆ పొట్టి ఆవు పాలలో వెన్న నూటికి 8 పాళ్ల వరకు ఉండునని ప్రసిద్ధి. ఇంటికి చేరి విశ్రమించినవాడు త్రాగదగినవి. మిట్ట ఎక్కుచున్నవాడు కాదు.

ఎండదెబ్బను శోషగా పొరబడుట ప్రమాదము. తలనొప్పి, తీవ్రమైన దాహము, కాలిపోవు ఒళ్లు ఎండను సూచించును. అట్టివానిని నీడకు చేర్చి దేహమును చల్లబరచవలయును. వణకు, చల్లని చెమట, చికాకు, బెల్లము తినిన పదిపదునైదు నిమిషములలో తేరుకొనుట శోష లక్షణములు. తేరుకొననిచో వైద్యుని వద్దకు పోవలసినదే. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారు సైకిలెక్కినపుడు జేబులో చక్కెర లేక పోరాదు.

పందెములకును యాత్రలకును పోవువారు కొందరే. ప్రతిదినము ఈ పరీక్షకు నిలుచువారు పల్లెలనుండి ఉన్నతపాఠశాలలకు సైకిలు తొక్కు బాలబాలికలు. రాత్రి ఏడింటికో ఎనిమిదింటికో తిన్న బిడ్డ, ఉదయము నీళ్లు మోసి, పేడ తీసి, టీ త్రాగి, మిట్టపల్లములు తొక్కి బడి చేరి, ఎండలో ప్రార్థనకు నిలువబడును. పెద్దవానికంటె బిడ్డకు కాలేయపు గాదె చిన్నది. దేహమునకు తగినట్లు చూచిన మెదడు పెద్దది. ప్రార్థనలో కండ్లు తిరిగి పడిన బాలికను అందరును చూతురు. పడక, మొదటి గంటలో లెక్క తప్పి, మాటకు బదులు చెప్పక, బల్లపై తలవాల్చిన బాలుడు సోమరి యనిపించుకొనును. ఆ సోమరితనము చాలమారులు కడుపున పుట్టినదే.

ప్రభుత్వములు ఈ ఆకలిని గుర్తింపక పోలేదు. 1956లో కామరాజు పాలనలో మద్రాసు రాష్ట్రము బడులలో మధ్యాహ్నభోజనమును విస్తరించెను. కుప్పమునకు సరిహద్దైన తమిళనాడు 2022 సెప్టెంబరులో బడిపిల్లలకు ఉదయపు ఫలహారమును ఆరంభించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో వారమునకు మూడు దినములు రాగిజావ చేర్చిరి. కాని మధ్యాహ్నభోజనము మధ్యాహ్నమునకే వచ్చును. జావయు బడి చేరిన పిదప అందునదే. ఇంటి గడపకును బడి గడపకును నడుమనున్న బాటకు మాత్రము ఇంటి సద్దియే దిక్కు. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి త్రాగుటకు ఐదు నిమిషములు పట్టును. పుస్తకపు సంచిలో చిక్కీ ముక్క వేయుటకు అంతకూడ పట్టదు. ప్రార్థన పిదప హాజరు పిలుచునపుడే దూరపు పల్లె బిడ్డలను ఉపాధ్యాయుడు “ఉదయము ఏమి తింటివి?” అని మెల్లగా, పదిమందిలో కాక విడిగా, అడుగవచ్చును. ఏమియు తినలేదను బదులు వచ్చినచో ఆ గంట పాఠము కొంచెము ఆగినను నష్టము లేదు.