మేడ నవాబుది, పద్దు మనది

నవాబు కట్టుకున్న మేడ కూలిస్తే మాల మాదిగలకు పోయేదేముంది? ఈ ప్రశ్న మనవాళ్ల నుంచే వస్తుంది. అందులో న్యాయం లేకపోలేదు. ఆ మేడలకు రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. అయినా ఈ వ్యవహారాన్ని మేం వదిలెయ్యలేం. కూల్చినా, కట్టినా, మరమ్మతు చేసినా ఖర్చయ్యేది ప్రజల సొమ్ము. దానికి లెక్క అడగాల్సిన చోటు శాసనసభ.

జరిగింది చూడండి. హైదరాబాదులో ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ స్థానంలో కొత్త అసెంబ్లీ, పాత సచివాలయం పడగొట్టి కొత్తది కట్టాలని 2019 జూన్ 18న తెలంగాణ మంత్రివర్గం తీర్మానించింది. జూన్ 27న రెండింటికీ శంకుస్థాపన అయింది. అప్పటికి సభ ఆమోదించింది ఓటాన్ అకౌంట్ మాత్రమే. పూర్తి బడ్జెట్ సభకొచ్చింది సెప్టెంబర్ 9న. కొబ్బరికాయ ముందు, పద్దు వెనక! సెప్టెంబర్ 16న హైకోర్టు ఎర్రమంజిల్ నిర్ణయాన్ని కొట్టేసింది. సచివాలయం విషయంలో మాత్రం 2020 జూన్ 29న పిటిషన్లను తోసిపుచ్చింది. జూలై 7న కూల్చివేత మొదలైంది. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ కూడా అందులోనే పోయింది.

కోర్టు చూసేది చట్టం, అనుమతి. ఈ కట్టడం అవసరమా, ఉన్నదాన్ని బాగుచేస్తే చాలదా అని అడగాల్సింది సభ్యులు. 203వ అధికరణ కింద పద్దును వాళ్లు ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. కానీ రోడ్లు భవనాల పద్దులో ఇంత పెద్ద మేడ ఒక్క గీతలో దాక్కుంటుంది. గడువు ముగిస్తే చర్చ లేకుండానే గిలెటిన్. తర్వాత కాగ్ నివేదిక వస్తుంది, ప్రజాపద్దుల కమిటీ అధికారులను పిలిచి నిలదీస్తుంది. అప్పటికి గోడ తిరిగిరాదు కదా.

కొత్త సచివాలయానికి 2022లో అంబేద్కర్ పేరు పెట్టారు, 2023 ఏప్రిల్ 30న తెరిచారు. ఆ పేరు చూసి మేమూ సంతోషించాం. అయితే ఆయన ముసాయిదా కమిటీ అధ్యక్షుడిగా మన చేతికిచ్చింది పేరు కాదు, లెక్క అడిగే హక్కు. 119 స్థానాల సభలో 19 ఎస్సీ, 12 ఎస్టీ రిజర్వుడు. పార్టీ విప్ ఉంది గదా అంటారు. పదో షెడ్యూలు ఓటును కట్టేస్తుంది గానీ ప్రశ్నను కాదు.

ఎర్రమంజిల్ ఇంకా నిలబడే ఉంది. దాని మరమ్మతుకు పద్దులో ఎంత రాశారో వచ్చే బడ్జెట్ సమావేశాల్లో అడగమని మా సభ్యులను కోరుతున్నాం.