మొదటి టెలిస్కోపు ఎలాంటిది కొనాలి?

ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు దొరికే టెలిస్కోపు పెట్టె మీద చాలాసార్లు రంగురంగుల శనిగ్రహం బొమ్మ, దాని పక్కనే పెద్ద అక్షరాల్లో ‘525 రెట్లు’ అన్న మాట కనిపిస్తాయి. పుట్టినరోజు కానుకగా కొనే తల్లిదండ్రులు ఆ అంకెను చూసే కొంటారు. తీరా రాత్రి డాబా మీద బిగించి చూస్తే చందమామ మసకమసకగా ఊగుతూ ఉంటుంది. గొట్టానికి వేలు తగిలితే చాలు, బొమ్మ గెంతుతుంది. శని ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. పది రోజులు తిరక్కుండానే టెలిస్కోపు అటకెక్కుతుంది. డబ్బు పోతే పోయింది, ఆకాశం చూడాలన్న పిల్లల ఉబలాటం చల్లారిపోవడమే బాధ.

ఆ 525 ఎలా వచ్చిందో తెలిస్తే సగం మోసం అక్కడే బయటపడుతుంది. టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందన్నది చిన్న భాగహారం. ముందున్న పెద్ద లెన్సు ఫోకల్ లెంగ్తును, కన్ను ఆనించి చూసే ఐపీస్ ఫోకల్ లెంగ్తుతో భాగించాలి. 700 మి.మీ. టెలిస్కోపుకు 20 మి.మీ. ఐపీస్ పెడితే 35 రెట్లు. అదే 4 మి.మీ. ఐపీస్ పెట్టి, మధ్యలో మూడింతలు చేసే బార్లో లెన్సు తగిలిస్తే సరిగ్గా 525. లెక్క తప్పేమీ లేదు. కానీ గొట్టంలోకి వచ్చిన వెలుతురు పెరగలేదు కదా! ఉన్న కాస్త వెలుతురునే అంత మేరా పరిస్తే బొమ్మ పెద్దదయ్యేకొద్దీ వెలవెలబోతుంది, అలుక్కుపోతుంది. అందుకే ఆకాశ పరిశీలకులు ఒక హద్దు పెట్టుకున్నారు. ముందున్న లెన్సు లేదా అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే, దానికి రెండింతలకు మించి పెద్దది చేయకూడదు. 60 మి.మీ. టెలిస్కోపుకు 120 రెట్లే గరిష్ఠం. గాలి నిలకడగా లేని రాత్రుల్లో అందులో సగంతోనే సరిపెట్టుకోవాలి.

కాబట్టి ముందుగా అడగాల్సింది వెడల్పు. వానలో ఆరుబయట పెట్టిన గంగాళం నోరు ఎంత పెద్దదైతే అన్ని నీళ్లు పట్టినట్టే, లెన్సు ఎంత వెడల్పుంటే అంత వెలుతురు దొరుకుతుంది. చీకటికి అలవాటుపడిన కుర్రవయసు కంటిపాప దాదాపు 7 మి.మీ. విచ్చుకుంటుంది. 70 మి.మీ. లెన్సు దానికి వందింతల వెలుతురు పోగు చేస్తుంది. 130 మి.మీ. అద్దమైతే 340 రెట్లకు పైనే, 200 మి.మీ. అద్దమైతే 800 రెట్లు దాటుతుంది. వెడల్పు పెరిగితే పక్కపక్కనే ఉన్న సన్నని వివరాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. గురుగ్రహం మీది పట్టీలు, చంద్రుడి మీది చిన్న గుంటలు అలాంటివే.

ఒకప్పుడు ఈ వెడల్పు జమీందారులకే అందేది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకున్నారు. అందులోని టెలిస్కోపు వెడల్పు 4.8 అంగుళాలు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ తర్వాత 6 అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని ఆయన విశాఖలోనే పరిశీలించారు. ఈనాడు అదే ఆరంగుళాల వెడల్పున్న అద్దం జీతాలమీద బతికే కుటుంబం కూడా, కాస్త కూడబెట్టుకుంటే, ఇంటికి తెచ్చుకోగలదు. ఆ అవకాశం రావడానికి ముఖ్య కారకుడు అమెరికాలో ఉన్న ఒక రామకృష్ణ మఠ సన్యాసి.

ఆయన పేరు జాన్ డాబ్సన్. 1915లో బీజింగ్‌లో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగి, రసాయన శాస్త్రం చదివి, 1944లో అక్కడి వేదాంత సొసైటీ ఆశ్రమంలో చేరారు. వివేకానందుడు 1900లో నెలకొల్పిన సొసైటీ అది. ఆశ్రమవాసికి చేతిలో డబ్బుండదు. పాత ఓడ కిటికీకి వాడిన మందపాటి గుండ్రటి గాజు సంపాదించి, దాన్నే చేత్తో అరగదీసి 12 అంగుళాల అద్దం తయారుచేశారు. దాంతో చంద్రుణ్ని చూస్తే, ఆ నేల మీద దిగబోతున్నట్టే అనిపించిందట. ఇది అందరూ చూడాలి అన్న పట్టుదల ఆనాడే పుట్టింది. శాక్రమెంటో ఆశ్రమానికి మారాక టెలిస్కోపులకు చక్రాలు బిగించి, రాత్రిపూట వీధుల్లోకి తోసుకెళ్లి ఇరుగుపొరుగుకు ఆకాశం చూపించేవారు. ఆశ్రమంలో ఉండకుండా ఇలా తిరుగుతున్నారన్న అభ్యంతరాల మధ్య 1967లో ఆశ్రమం వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌పాత్‌ల మీద టెలిస్కోపులు పెట్టి, దారినపోయే వాళ్లందరినీ పిలిచి చూపించే బృందం మొదలైంది. 2014లో కన్నుమూసే వరకు ఆయన పని అదే.

ఆయన చేసిన మార్పు చూడటానికి చాలా మామూలుది. మూడు కాళ్ల సన్నని స్టాండు తీసేశారు. కాంక్రీటు స్తంభాలు పోతపోయడానికి వాడే అట్టగొట్టాన్ని టెలిస్కోపు గొట్టంగా పెట్టి, దాన్ని ప్లైవుడ్ పెట్టెలో కూర్చోబెట్టారు. రాపిడి జరిగేచోట నున్నటి టెఫ్లాన్ ముక్కలు వేశారు. గేర్లు లేవు, మరలు లేవు. వేలితో నెడితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఎంత బరువు మోసినా వణకదు. దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. కంపెనీలు ఇప్పుడు ‘డాబ్సోనియన్’ పేరుతో అమ్ముతున్నవి ఇవే. మొదటిసారి కొనేవారికి, పెట్టిన డబ్బుకు ఇంతకు మించి ఆకాశం చూపించే సాధనం మరొకటి లేదు.

డాబ్సోనియన్‌లోనూ ఏ సైజు అన్నది ఇంటిని బట్టి తేల్చుకోవాలి. 8 అంగుళాలది ఆకాశంలో ఎన్నో చూపిస్తుంది గానీ, దాదాపు నాలుగడుగుల గొట్టం, కింద ఉండే పెట్టెతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు నుంచి మేడ మీదకు దాన్ని మోయడం రెండుసార్లు బాగానే ఉంటుంది, మూడోసారికి బద్ధకం మొదలవుతుంది. అలాంటివారికి బల్ల మీద పెట్టుకునే 130 మి.మీ. డాబ్సోనియన్ మంచిది. ఆరేడు కిలోలుంటుంది, పదేళ్లు దాటిన పిల్ల కూడా పెద్దలు పక్కనుంటే సర్దుకోగలదు. దాన్ని పెట్టే బల్ల మాత్రం గట్టిదై ఉండాలి. ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే మళ్లీ మొదటి కథే.

దుకాణాల్లో ఎక్కువ హుందాగా కనిపించేది ఈక్వటోరియల్ స్టాండు. బరువుదిమ్మ వేలాడుతూ, అంకెల చక్రాలతో శాస్త్రజ్ఞుల సామగ్రిలా ఉంటుంది. దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెడితే, భూమి తిరిగే కొద్దీ ఒకే మరను తిప్పుతూ నక్షత్రాన్ని వెంటాడవచ్చు. ఫొటోలు తీసేవారికి అది కావాలి. కానీ మన ప్రాంతంలో ధ్రువనక్షత్రం చాలా కిందుగా ఉంటుంది. హైదరాబాద్‌లో దిగంతం నుంచి 17 డిగ్రీలు, తిరుపతిలో 14 కూడా ఉండదు. చెయ్యి చాచి పట్టుకుంటే రెండు పిడికిళ్లంత ఎత్తు కూడా కాదు. నగరంలో ఎదుటి భవనమో, దిగంతం దగ్గరి దుమ్మో దాన్ని కప్పేస్తుంది. పైగా ఇరుసును అంత వాల్చినప్పుడు కొన్ని స్టాండ్లలో బరువుదిమ్మ స్టాండు కాలికి తగులుతుంది. కొత్తవారికి ఈ తలనొప్పి వద్దు.

లెన్సా, అద్దమా అన్నది తర్వాతి ప్రశ్న. లెన్సు టెలిస్కోపుకు పోషణ తక్కువ. తీసి పెట్టుకుంటే చాలు. 70, 80 మి.మీ. లెన్సు గట్టి స్టాండుతో దొరికితే చంద్రుడికి, గ్రహాలకు నిక్షేపంలా ఉంటుంది. అద్దాలవి అదే ధరకు ఎక్కువ వెడల్పునిస్తాయి, కానీ రెండు అద్దాలూ ఒకదానికొకటి సూటిగా ఉన్నాయో లేదో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. నేర్చుకుంటే ఐదు నిమిషాల పని. అద్దానిది కొనేటప్పుడు ఒకటి గమనించాలి. గొట్టం అర మీటరే ఉండి, ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. అని రాసి ఉంటే లోపల అదనపు లెన్సు ఇరికించారని అర్థం. చవక రకాల్లో అలాంటివి సరిదిద్దుకోవడం కష్టం, బొమ్మ కూడా పదునుగా ఉండదు. కాకినాడ, విశాఖలాంటి సముద్రతీరం ఊళ్లలో ఇంకో శత్రువు ఉంది. తేమకు లెన్సుల మీద బూజు పడుతుంది. మంచు తడి ఆరిన తర్వాతే మూతలు పెట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి.

ఇంతా చేసి ఏం కనిపిస్తుంది? ఈ విషయం నిజాయితీగా చెప్పకపోవడమే చాలామంది నిరాశకు మూలం. ఫొటోల్లో ఎర్రగా, నీలంగా మెరిసే నెబ్యులాలు కంటికి బూడిదరంగు పొగలా కనిపిస్తాయి. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు, టెలిస్కోపు తప్పేమీ లేదు. చంద్రుడు మాత్రం ఎవరినీ నిరాశపరచడు. అయితే పున్నమి నాడు చూడకూడదు. అష్టమి ప్రాంతంలో చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి కొండల నీడలు పొడుగ్గా పడి, ప్రతి గుంటా లోతుగా తెలుస్తుంది. గురుగ్రహం పక్కన నాలుగు చంద్రులు వరుసగా ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో వాటిని కనుగొన్న టెలిస్కోపు సుమారు 20 రెట్లే పెద్దదిగా చూపేది. శని వలయాలు 2025 మార్చిలో మనవైపు అంచు తిప్పి సన్నని గీతలా అయిపోయాయి. ఇప్పుడు ఏటేటా మళ్లీ విచ్చుకుంటున్నాయి. ఎనిమిదంగుళాల డాబ్సోనియన్‌లో 120 రెట్లకు పెట్టి చూస్తే, బఠాణీ అంత బింబం, దాని చుట్టూ వలయం, రెంటి మధ్య నల్లటి సందు. చూస్తుండగానే భూభ్రమణం వల్ల అది జరిగిపోతూ ఒకటిన్నర నిమిషంలో అంచు దాటేస్తుంది. గొట్టాన్ని కాస్త నెట్టి మళ్లీ పట్టుకోవాలి.

మనకు మరో భాగ్యం ఉంది. యూరప్, ఉత్తర అమెరికాల్లో చాలా ఊళ్లకు దక్కని దక్షిణాకాశం మనకు కనబడుతుంది. మే నెలలో రాత్రి పది, పదకొండు మధ్య దక్షిణ దిక్కున, 25 డిగ్రీల ఎత్తులో ఒమెగా సెంటారీ ఉంటుంది. సుమారు కోటి నక్షత్రాల గుంపు అది. లండన్‌లో అది దిగంతం పైకే రాదు. చీకటి ఉన్న పల్లెలో ఆరంగుళాల అద్దంతో చూస్తే గుంపు అంచుల్లో ఒక్కో నక్షత్రం విడివిడిగా చుక్కలు చుక్కలుగా తేలుతుంది.

టెలిస్కోపుకు ముందు 10×50 బైనాక్యులర్స్ కొనడం ఇంకా తెలివైన పని. కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే గుంపు, ఇందులో చూసినంత అందంగా ఏ పెద్ద టెలిస్కోపులోనూ ఉండదు, ఎందుకంటే అందులో ఆ గుంపు మొత్తం పట్టదు. గోడకు ఆనుకుని చేతులు కదలకుండా పట్టుకుంటే గురుడి చంద్రులు కూడా దొరుకుతాయి. ఫోన్‌లో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ పెట్టుకుని నెలరోజులు ఆకాశంలో దారులు నేర్చుకున్నవారికి, తర్వాత టెలిస్కోపు గురిపెట్టడం సులువవుతుంది.

కొన్నాక గురిచూసే చిన్న ఫైండర్‌ను పగలే సరిచేసుకోవాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొన టెలిస్కోపులో మధ్యకు తెచ్చి, ఫైండర్ చుక్కను కూడా అక్కడికే జరపాలి. ఈ ఒక్క పని మానేసినవారే శని దొరకలేదని విసుక్కుంటారు. వేసవిలో పగలంతా కాలిన స్లాబు నుంచి రాత్రి పది దాకా వేడి లేస్తుంటుంది, గ్రహాలు నీటిలో ఉన్నట్టు వణుకుతాయి. పొద్దుపోయాక చూడటం, వీలైతే మట్టి నేల మీద పెట్టుకోవడం మేలు.

డబ్బు పెట్టే ముందు ఒకసారి వేరొకరి టెలిస్కోపులో చూడాలి. గ్రహణాలప్పుడు జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు పలు ఊళ్లలో ఆకాశ పరిశీలన ఏర్పాటు చేస్తుంటాయి. అక్కడ చూస్తున్నప్పుడు గొట్టాన్ని మెల్లగా తట్టి, బొమ్మ ఎంతసేపటికి కుదురుకుంటుందో గమనించాలి. రెండు సెకన్లలోపు ఆగితే ఆ స్టాండు మంచిది. ఐదు సెకన్లు ఊగితే, లెన్సు ఎంత గొప్పదైనా దాన్ని వదిలేయాలి.

పిల్లలున్న ఇంట్లో మరో జాగ్రత్త. టెలిస్కోపుతో సూర్యుణ్ని చూస్తే కన్ను క్షణంలో పోతుంది, తిరిగి రాదు. చవక టెలిస్కోపులతో పాటు ఐపీస్‌కు బిగించే చిన్న నల్లద్దం ఇస్తారు. వేడికి అది చూస్తుండగానే పగలగలదు, దాన్ని వెంటనే పారేయాలి. సూర్యుణ్ని చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ ఒక్కటే మార్గం, అప్పుడు ఫైండర్‌కు కూడా మూత ఉండాలి. పగటిపూట టెలిస్కోపు మూతలతో సహా బీరువాలో ఉండాలి, తాళం పెద్దల దగ్గర ఉండాలి.