తాళపుచెవి పోయిననాడు

కుట్టుపని, చీరల వర్తకము మొదలగు వ్యాపారములను స్వయముగా నడుపుకొను సోదరీమణులు నేడు పెక్కుమంది గలరు. ఉదయమున అంగడి తెఱవబోవునప్పటికి తాళపుచెవి కానరాకున్నచో పూటబేరమంతయు పోవును. వాకిట నిలిచిన పనివారికి కూలి యీయక తప్పదు. ఆ తొందరలో సమ్మెటతో తాళమును పగులగొట్టించుట తగదు. తాళముతోపాటు తలుపును చెడును.

పిలిచినచోటికే పనిముట్లతో వచ్చి తాళము తీయువారు ఇప్పుడు పట్టణములందు గలరు. అమెరికాదేశీయుడగు లైనస్ యేల్ 1861, 1865 సంవత్సరములలో పేటెంట్లు పొందిన తరగతి తాళములో గుండ్రని దిమ్మెయు, దానిని కదలనీయని చిన్న సీలలును ఉండును. ప్రతి సీలయు రెండు తునకలు. తగిన చెవిని దూర్చినంతనే ఆ తునకల సందులన్నియు ఒక్కవరుసకు వచ్చి దిమ్మె తిరుగును. నేర్పరి సన్నని యూచతో సీలల నొక్కొక్కటిగా నెత్తి, తాళము చెడకుండ తీయగలడు.

1851లో లండను ప్రదర్శనసమయమున హాబ్స్ అను నమెరికావాడు, అరువదేండ్లకు పైగా నెవ్వరికిని లొంగని బ్రామా తాళమును పలుదినములు శ్రమించి తెఱచెను. ఇట్టి విద్య దొంగకును పనికివచ్చును గదా! కావున అంగడి మీదేయని నిదర్శన మడుగువానినే నమ్మవలెను, అడిగినందుకు కోపింపరాదు. అద్దెరసీదునో, లైసెన్సునో చూపుడు. కూలి ముందుగనే నిర్ణయించుకొనుడు. పోయిన చెవి యెవరిచేత బడెనో తెలియదు గనుక తాళమును మార్పించుడు. రెండవచెవిని అంగడిలో గాక, ఇంట నమ్మకమైనవారియొద్ద నుంచుడని మా మనవి.