రాతిలో నిలిచిన ఆయుధము

సూరతు నగరమనగానే వస్త్రములు, వర్తకము స్ఫురించును. తెలంగాణమునుండి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబములు పెక్కు అచ్చట మరమగ్గములపై జీవించుచున్నవి. ఆ నగరమున్న గుజరాతు దేశమున ఊరి పొలిమేరలయందును, చెరువుగట్లపైనను సిందూరము పూసిన నిలువురాళ్ళు కానవచ్చును. వానిని అచ్చటివారు 'పాళియా' లందురు. తెలుగువారు చూచినచో ఇవి వీరగల్లులని తక్షణమే గుర్తింపగలరు.

పాళియాపై మృతుని పేరును, సంవత్సరమును చెక్కుట కలదు. అక్షరము లరిగిపోయినచోట బొమ్మయే కథ చెప్పును. గుఱ్ఱముపై ఈటె ధరించినవాడు యుద్ధమున పడిన వీరుడు; ప్రక్కన ఆవులున్నచో పశువులను కాపాడబోయి మరణించినవాడు; ఓడ యున్నచో నావికుడు. గాజులతో మడిచి యెత్తిన స్త్రీహస్తము సహగమనమునకు గుర్తు. పైభాగమున సూర్యచంద్రులుందురు. మన శాసనములు 'ఆచంద్రార్కము' అని అక్షరములలో పలికినదానినే ఆ శిల్పి బొమ్మలో పలికెను.

తెలుగుదేశమునను ఈ భాష కలదు. రాయలసీమలోని ప్రాచీన వీరగల్లులపై విల్లు, బాణము, కత్తి కానవచ్చును. కొన్నిటిపై ఆలమందకై పోరి పడినవారి నామములు తొలినాటి తెలుగులోనే నిలిచియున్నవి. అయితే ఆయుధ మున్నంతమాత్రమున యుద్ధమని తలపరాదు. శ్రీశైలమున అనవేమారెడ్డి 1378 ప్రాంతమున వీరశిరోమండపమును కట్టించెను. భక్తవీరులు తమ శిరస్సును, జిహ్వను శివునకర్పించుకొనిన స్థానమది. అట్టి ఆత్మార్పణమును చూపు శిలలపై కత్తి వీరుని స్వకంఠముననే యుండును. రణమునను, అర్పణమునను చేతనున్నది కత్తియే. అది ఎటు తిరిగినదో చూచినగాని కథ తెలియదు. ఇక పల్నాటి కారెంపూడిలో వీరారాధనమునాడు 'కొణతము' లను ఆయుధములకే పూజ. అచ్చట ఆయుధము వీరుని గుర్తు మాత్రమే కాదు, వీరుడే.

ఒకప్పటి సూరతు జిల్లాలోని వాలోడ్ గ్రామమున 1934లో జన్మించిన చిత్రకారుడు హకూ షా, ఎబర్‌హార్డ్ ఫిషర్‌తో కూడి దక్షిణ గుజరాతు ఆదివాసుల స్మారకశిలలను, కొయ్యబొమ్మలను పరిశీలించి 1973లో గ్రంథము ప్రకటించెను. ఆ స్మారకములను నిలిపినవారినే అడిగి తెలిసికొనుట వారి పద్ధతి.

తెలుగు రచయితలకు అందు అనుసరణీయమైన మార్గము కలదు. శాసనమున్న శిలను శాసనపరిశోధకులు చదువుదురు. అక్షరము లేని శిలకు ఊరివారి నోటిమాటయే శాసనము. ఈటె, బల్లెము, సురియ, బాకు, కొణతము: ఏ పేరు ఏ రూపమునకు చెల్లునో, ఏ ఊరి రాతిపై ఏది చెక్కబడినదో, తెలిసిన పెద్దలుండగనే వ్రాసికొనవలెను. శిల పగిలినను దాని చిత్రము మిగులవచ్చును. పేరు మరచినచో శిల నిలిచియున్నను మూగయే.